ఓ గిన్నెడు చీకటి

పొద్దున్నే లేచి ఆండాళ్ చేసే మొదటి పని, గడప కిందనుంచి కారిన చీకటిని ఊడ్చి లోపలికి తోయడం. కాఫీ కూడా ఆ తర్వాతే. చీపురు మెత్తటిదై ఉండాలి. కొబ్బరీనెల చీపురు తగిలిందా, చీకటి చారలు చారలుగా చీలిపోతుంది, మళ్లీ అతుక్కోవడానికి సాయంత్రం దాకా పడుతుంది. బందరు ఇనగుదురుపేటలో, వంటింటి వెనక ఉన్న చిన్నగదే ఆవిడ డార్క్‌రూమ్. దాని తలుపు బార్లా తీయకూడదు. పక్కవాటుగా ఒరుసుకుంటూ దూరి, దూరీ దూరగానే వీపుతో మూసెయ్యాలి. ఇన్నేళ్ల అలవాటు కదా, బ్యాంకుకి వెళ్లినా, గుడికి వెళ్లినా ఆండాళ్ అలాగే పక్కవాటుగా దూరుతుంది. చూసినవాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీండి, వాళ్ల సొమ్మేం పోయింది!

మామూలు చీకటి గాజుప్లేట్ల పనికి చాలదు. తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కితే వచ్చే చీకటి నీళ్లమజ్జిగతో సమానం. గాజుపలక మీద వెండిమందు పూసి ఆరబెట్టేలోపు ఎక్కణ్ణించో ఓ వెలుగు నలుసు వచ్చి పడుతుంది, ప్లేటు మసకబారి చస్తుంది. ఆండాళ్ గదిలో ఉన్నది అలాంటిది కాదు. అది అల్లావుద్దీన్ గారి చీకటి. ఫోటో అంటే గాజుపలక మీదే తీసే రోజుల్లో ఆయన తాతగారు పెంచింది. ఎర్రబల్బు వెలిగించినా చలించదు, అంత చిక్కన.

ఆండాళ్ చదువయ్యాక అల్లావుద్దీన్ గారి స్టూడియోలో ఫోటోలు కడిగే పనిలో చేరింది, అక్కడే నెరిసింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి స్టూడియో మూతబడ్డప్పుడు, ఆయన డార్క్‌రూమ్‌లోంచి ఓ కుండెడు చీకటి తీసి, మూతికి తడిగుడ్డ కట్టి ఆవిడ చేతిలో పెట్టారు.

"మా ఆమిర్‌కి ఆటో తప్ప ఇంకోటి పట్టదమ్మా. దీన్ని నువ్వే చూసుకోవాలి. ఎండ తగలనీకు. ఊరికే కదపకు. రోజూ కాసేపు లోపల కూర్చుని మాట్లాడు. మాటలు లేకపోతే పలచబడిపోతుంది."

ఇంటికి తెచ్చి వెనకగదిలో పోస్తే, తెల్లారేసరికి మూలమూలకీ గడ్డపెరుగులా తోడుకుంది. ప్లేట్లకి పనికొచ్చేంత చిక్కబడ్డానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఎక్కడెక్కడి కుర్రాళ్లో ఫోన్లో చూసి ఆండాళ్ చేత గాజుప్లేట్లు చేయించుకుంటారు. పాతకాలం పద్ధతిలో పెళ్లిఫోటోలు దిగాలని సరదాట. వాటితోనే ఆవిడ జీవనం.

పేటలో వాళ్లకి ఆ చీకటి పెరుగుతోడుతో సమానం. ఒకరు అరటిగెల మగ్గబెట్టుకోవడానికి అడుగుతారు, ఒకరు కంటి ఆపరేషనయిన మావగారికని అడుగుతారు. పార్శ్వపు నొప్పివాళ్లయితే చెప్పనే అక్కర్లేదు. వీధంతా తెల్లటి లైట్లు వేశాక చంటిపిల్లల తల్లులూ మొదలుపెట్టారు. "ఆండాళ్ గారూ, ఓ గిన్నెడు చీకటి పెడతారా?" అని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఆవిడ గరిటెతో తీసి పెడుతుంది. దీపాలు పెట్టాక మాత్రం ఇవ్వదు. ఉప్పూ, సూదీ, పెరుగూ ఆ వేళ ఎవరిస్తారు గనక?

వచ్చినవాళ్లు గిన్నె నిండగానే వెళ్లిపోతారు. కూర్చోమంటే, "అయ్యో, పొయ్యి మీద పప్పుందండీ" అంటారు. అందరి పొయ్యిల మీదా ఎప్పుడూ పప్పే. గేటు చప్పుడయ్యాక ఆ ఇంట్లో ఇంకో చప్పుడుండదు. ఆండాళ్ ఒంటరిది. దీన్ని తిప్పి చెప్పడానికి ఏమీ లేదు.

ఆవిడ తల్లి లక్ష్మీకాంతమ్మ పోయి నాలుగేళ్లవుతోంది. లక్ష్మీకాంతమ్మకి ఫోటో అంటే చచ్చే భయం. భర్త పింఛను కాగితాల కోసం ఫోటో దిగొచ్చి, ఆ పింఛను మొహం చూడకుండానే పోయాడు. అప్పట్నించీ ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ గట్టి నమ్మకం. ఎవరైనా ఫోను ఎత్తితే కొంగు అడ్డం పెట్టుకునేది. ఆధార్‌కి కూర్చోబెడితే కళ్లు బిగించి మూసుకుని, మెడ తిప్పేసుకుంది. ఆ కార్డు మీద ఉన్నది లక్ష్మీకాంతమ్మో, పొగమంచులో గుమ్మడికాయో చెప్పడం కష్టం. ఆ పైన కూతురి వృత్తి ఇదాయె! వెండిమందులో వేసే జిగురు ఎముకలతో కాస్తారని ఎవరో చెప్పినప్పట్నించీ, స్నానం చేస్తే గానీ ఆండాళ్‌ని మడిబిందె వైపు రానిచ్చేది కాదు. "ఊళ్లోవాళ్ల మొహాలన్నీ కడిగి, ఆ చేతుల్తో నాకు చారు పోస్తావా?" అని దెప్పేది. దెప్పుతూనే, కూతురు గదిలోంచి వచ్చేదాకా అన్నం ముట్టకుండా కూర్చునేది.

ఆ ధనుర్మాసంలో, పోవడానికి కొన్నాళ్ల ముందు, ఏమనుకుందో ఏమో, తనే అంది: "నా బొమ్మొకటి తియ్యవే."

ఆండాళ్ చేతిలో గ్లాసు పడేసుకున్నంత పని చేసింది.

"తియ్యి గానీ, నేను ఉన్నన్నాళ్లూ కడగకు. తీస్తే ఏం కాదు. కడిగినప్పుడే మనిషిలోంచి మొహం ఊడొచ్చేది. నాకన్నీ తెలుసులే."

పెరట్లో బల్ల మీద తల్లిని కూర్చోబెట్టి, పెద్ద చెక్క కెమెరాతో ఒక్క ప్లేటు తీసింది ఆండాళ్. తీసి, కడగకుండా, గదిలో పై అరలో పెట్టింది. తర్వాత తల్లి పోయింది. కర్మలయ్యాయి, ఏడూడి అయింది, మళ్లీ మళ్లీ తద్దినాలొచ్చాయి. హాల్లో తండ్రి ఫోటో పక్కన కొట్టిన మేకు ఖాళీగానే ఉంది. బంధువులు అడిగితే, "కడుగుతా, కడుగుతా" అనేది.

కడగలేదు. తీసి కడగని ప్లేటు ఊరగాయ కాదు, ఏళ్లకేళ్లు నిలవుండడానికి. లోపలి బొమ్మ రోజురోజుకీ చచ్చిపోతూ ఉంటుంది. ఈ సంగతి బందరులో ఆండాళ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కానీ కడిగి చూశాక ఏమీ లేకపోతే? కడగనంతకాలం అమ్మ ఆ అరలో ఉన్నట్టే. రోజూ మధ్యాహ్నం ఆ గదిలో ముక్కాలిపీట వేసుకుని, "ఇవాళ కూడా ముదురు బెండకాయలే అంటగట్టాడే అమ్మా" అని మొదలుపెట్టి, కాళ్లు తిమ్మిరెక్కేదాకా చెప్పుకునేది. చీకటి ఆ మాటలన్నీ తాగి ఇంకా ఇంకా చిక్కబడింది.

అలాంటి రోజుల్లో నాగాయలంక నుంచి రెబెకా వచ్చింది. ముప్పై దాటని మనిషి, కళ్ల కింద నల్లగా గుంటలు. గేటు దగ్గరే నిలబడి, చేతిలో మూతగిన్నె చూపించింది.

"అవనిగడ్డ బస్సులో ఎవరో చెప్తే వచ్చానండి. మీ దగ్గర మంచి చీకటి దొరుకుతుందంట. మా ఆయనకండి."

"ఏమైంది ఆయనకి?"

"నిద్ర లేదండి."

ఆమె భర్త జీవన్ కుమార్ రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. ఇంటికి నాలుగు వైపులా చెరువులే, చెరువు చెరువుకీ స్తంభాలెత్తుగా లైట్లే. రాత్రంతా ఆ వెలుగులోనే తిరిగి, పొద్దున ఇంటికొస్తే రేకుల కప్పు, నాలుగువైపులా ఎండ. "రెప్పలు వాలతాయి గానీ నిద్ర రాదండి. అవనిగడ్డలో డాక్టరు గారు బిళ్లలిచ్చారు. అవి వేసుకుని మత్తులో నడుస్తా చెరువులో పడ్డాడు. నీళ్లు చిలకడానికి ఏరియేటర్లు తిరుగుతుంటాయి కదండీ, ఆ రెక్కల్లో పడితే మనిషి మిగలడు. మా దివిసీమలో చీకటనేది లేదండి అమ్మగారూ."

ఆ మూతగిన్నె చాలదని, ఆండాళ్ తన గిన్నె నిండా పెట్టి, పైన తడిగుడ్డ కట్టిచ్చింది.

వారం తిరక్కుండా రెబెకా గిన్నె తిరిగి తెచ్చింది. ఒకరి గిన్నె ఒట్టిది ఇవ్వకూడదని పెద్దలు చెప్పారు కదా, ఆమె దాన్ని నిండా రొయ్యలతో నింపి తెచ్చింది. అప్పుడే పట్టినవి, మీసాలు ఆడిస్తున్నాయి. మూత తీసిన ఆండాళ్, "కృష్ణా!" అని ఒక్క గంతు వేసింది. పుట్టి బుద్ధెరిగి ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లాయె. రెబెకా బిక్కచచ్చిపోయింది.

"అయ్యో, మీరు తినరా అండీ? మా వైపు రొయ్యలు వద్దనేవాళ్లు నాకు తెలీదండి..."

ఆ కేకకి గోడ పక్కనుంచి సయీదా తొంగి చూసింది. సయీదా అంటే అల్లావుద్దీన్ గారి కోడలే, ఆమిర్ భార్య. "అక్కా, ఆ పాపమేదో నాకు రానీ" అని గిన్నె అందుకుని వెళ్లిపోయింది. ఆండాళ్‌కి నవ్వాగలేదు. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో. రెబెకాని కూర్చోమంది. రెబెకా కూర్చుంది! పొయ్యి మీద పప్పున్నట్టు లేదు.

"చీకటి పని చేసిందా?"

"ఇంటికి తీసుకెళ్లి పోస్తే తోడుకోలేదండి. విరిగిపోయింది. మంచం కింద కాస్త, మూలన కాస్త, ముక్కలు ముక్కలుగా. మా ఆయన తల ఆ ముక్కలో పెట్టి కాసేపు పడుకున్నాడు. తర్వాత అదీ పోయింది."

"ఉప్పుగాలి," అంది ఆండాళ్.

ఈసారి బిందెడిచ్చింది. అదీ విరిగింది. మళ్లీ వచ్చిన రెబెకా, ఈసారి గిన్నెలో తాటిముంజలు పెట్టుకొచ్చి, ఆశగా అడిగింది: "ఏం చేస్తే నిలుస్తుందండీ?"

ఏం చేస్తే నిలుస్తుందో ఆండాళ్‌కి తెలుసు. కొసరి కొసరి పోస్తే ఉప్పుగాలికి నిలవదు, ఉన్నదంతా ఒక్కసారిగా పోస్తేనే తన బలంతో తాను నిలుస్తుందని అల్లావుద్దీన్ గారు ఎప్పుడో చెప్పారు. ఉన్నదంతా ఇచ్చేస్తే మళ్లీ అక్కణ్ణించి ఓ గిన్నెడు తెచ్చుకుని తోడు వేసుకోవచ్చు, నిజమే. కానీ అది ప్లేట్లకి పనికొచ్చేలోపు ఏళ్లు గడుస్తాయి. ఈలోగా జీవనం మాట దేవుడెరుగు, అమ్మ ప్లేటు? ఇవ్వాలంటే ముందు దాన్ని కడగాలి. కడగడమంటే చూడడమే.

"చూద్దాంలే," అంది ఆండాళ్, మొహం తిప్పుకుని. "ఆలోచించి చెప్తా."

రెబెకా ఒత్తిడి చేయలేదు. అదే ఆండాళ్‌కి ముల్లులా గుచ్చుకుంది. ఆమె వెళ్లాక సయీదా గోడ మీదనుంచే కడిగేసింది.

"ఎందుకు చెప్పలేదక్కా? మావయ్య చెప్పింది నేనూ విన్నా. ఆ ప్లేటు కోసమేగా?"

"నీకేం తెలుసు సయీదా? అమ్మని కడిగి చూస్తే ఏమీ లేదనుకో. అప్పుడు నాకెవరున్నారు?"

"ఇప్పుడు మాత్రం ఎవరున్నారు? ఆ గదిలో నువ్వు మాట్లాడేది మా ఇంట్లోకి వినబడుతుందక్కా. ఏనాడైనా అవతలినుంచి జవాబొచ్చిందా? కడిగెయ్. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు."

ఆండాళ్ విసురుగా లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నిజం చెప్పినవాళ్ల మీద కోపమొచ్చినంత తొందరగా అబద్ధమాడినవాళ్ల మీద రాదు.

తర్వాత వారం రెబెకా రాలేదు. ఆ పైవారమూ రాలేదు. ఉండబట్టలేక ఆండాళే ఫోన్ చేసింది.

"ఆసుపత్రిలో ఉన్నామండి," అంది రెబెకా. "ఆయన నిలబడే తూలాడండి. చెయ్యి ఏరియేటర్‌లో పడింది. రెండు వేళ్లు పోయాయి. ఓనరు గారు, రేపట్నించి రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానంటున్నారు. కట్టు విప్పకుండానే వెళ్తానంటున్నాడండి. ఈసారి వేళ్లతో పోదండీ అమ్మగారూ."

ఆండాళ్‌కి "చూద్దాంలే" అన్న తన మాటే తిరిగి తిరిగి చెవిలో పడుతోంది.

"రేపు బందరు రా," అంది చివరికి. "చీకటి తీసుకెళ్దువుగాని. మొత్తం."

ఆ మధ్యాహ్నం తలంటుకుని, మడిబట్ట కట్టుకుని, ఆండాళ్ డార్క్‌రూమ్‌లోకి దూరింది. మడి ఎందుకంటే, అమ్మ కదా మరి. ఎర్రబల్బు వేసింది. ట్రేలు సర్దింది, డెవలపర్ కలిపింది. పై అర మీంచి ప్లేటు తీసింది. "అమ్మా, తిట్టుకోకు. నువ్వు లేవుగా ఇప్పుడు, కడగొచ్చుగా" అని ప్లేటుని మందులోకి జార్చింది.

ట్రేని మెల్లగా ఊపుతూ నిలబడింది. ఏ ప్లేటైనా కాసేపటికి అంచుల నుంచి నల్లబడడం మొదలవుతుంది. నెగెటివ్‌లో ముందు తెల్లచీర నల్లగా వస్తుంది, తర్వాత నుదురు, తర్వాత బుగ్గలు. ఇది రాలేదు. ఇంకాసేపు ఊపింది. మందు వేడి చాలలేదేమో అనుకుంది. ఇంకో చుక్క కలిపింది. ఊపి ఊపి చెయ్యి లాగేసింది. చివరికి బొమ్మని నిలబెట్టే హైపోలో వేసి, నీళ్లలో కడిగి, వంటింట్లోకి తెచ్చి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. గాజులోంచి అవతల జామచెట్టు తేటగా కనబడుతోంది. ఎక్కడో సాలెగూడంత పొగ, అంతే. కిటికీ అద్దానికీ దానికీ తేడా లేదు.

అనుకున్నంతా అయింది. ఆలస్యం చేసి, అమ్మని తనే చంపుకుంది. ఆండాళ్ ఆ ప్లేటుని గిన్నెల స్టాండులో పళ్లేల మధ్య నిలబెట్టి, మంచం ఎక్కింది. ఆ పూట వంట చేయలేదు.

మర్నాడు పొద్దున్నే రెబెకా వచ్చింది. ఆమిర్ తన ట్రాలీ ఆటో తెచ్చాడు. సయీదా పెళ్లిళ్లకి బిర్యానీ వండే గుండిగలన్నీ తోమి పట్టుకొచ్చింది. ఆండాళ్ ఎవరితోనూ మాట్లాడకుండా నడుంకి కొంగు చుట్టి, గరిటె పక్కన పెట్టి చెంబు తీసుకుంది. పైనుంచి తోడుతూ వచ్చింది. గుండిగ నిండగానే సయీదా మూత పెట్టి, తడిగుడ్డ చుట్టేది. గదిలో మొదట పై అరలు బయటపడ్డాయి, తర్వాత గోడలకి వేసిన పచ్చ సున్నం బయటపడింది. ఆ గోడలు ఏ రంగువో ఆండాళే మర్చిపోయింది.

చీకటి సగానికి తగ్గాక, సయీదా మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి, గ్లాసు తీయబోతూ స్టాండులోని గాజుపలకని పట్టుకొచ్చింది. "అక్కా, ఈ అద్దం ముక్క ఎక్కడ పెట్టను?" అంటూ డార్క్‌రూమ్ గుమ్మంలో నిలబడి, పలకకి వెనక చీకటి, ముందు పెరటి వెలుగు పడేలా పట్టుకునేసరికి కేక పెట్టింది.

"అక్కా! అమ్మ!"

ఆండాళ్ చెంబు వదిలేసి ఆమె పక్కకి వచ్చింది. ఏళ్ల చీకటి వెనకనుండగా, ఆ పొగలోంచి లక్ష్మీకాంతమ్మ చూస్తోంది. తెల్లజుట్టు తెల్లగానే, నుదుటి మీద ముడతలు ముడతలుగానే. కళ్లు. ముక్కు. ముక్కు కింద నుంచి మాత్రం ఏమీ లేదు, గాజే. గదిలో మిగిలిన చీకటికి అంతవరకే తేలింది.

వెనక నలుపుంటే పలచటి నెగెటివ్ తిరగబడి అసలు బొమ్మలా కనబడుతుంది. ఆండాళ్ ప్లేటు లాక్కుని నల్లటి గొడుగు గుడ్డ మీద పెట్టి చూసింది. ఏమీ లేదు. మసిపట్టిన మూకుడు వెనక పెట్టింది, లేదు. సయీదా తన నల్ల బురఖా తెచ్చి పరిచింది, లేదు. అంత పలచటి బొమ్మకి అంత చిక్కటి చీకటే కావాలి. మళ్లీ గుమ్మంలోకి తెస్తే, అమ్మ ఉంది.

ఇదంతా పెరటి గుమ్మం దగ్గరనుంచి చూస్తున్న రెబెకా లోపలికి వచ్చింది. వంగి, నిండిన గుండిగకి కట్టిన గుడ్డ ముడి విప్పబోయింది.

"మళ్లీ పోసేద్దామండి గదిలో. అమ్మని పోగొట్టుకోవద్దండి. మాకు ఇంకో దారి చూసుకుంటాం."

"ఇంకో దారి ఏముంది?" అంది ఆండాళ్.



"ఒక్క గుండిగ అట్టే పెట్టుకోక్కా," అంది సయీదా, మెల్లగా.

ఆండాళ్ ప్లేటు వైపు చూసింది, గుండిగల వైపు చూసింది. ఒక్క గుండిగ తగ్గితే అక్కడ నిలుస్తుందని ఎవరు చెప్పగలరు? మళ్లీ విరిగిందంటే ఆ మనిషి మళ్లీ చెరువు గట్టు మీదే తూలుతాడు.

"మా అమ్మ ఎక్కడికి పోతుందే, ఇప్పటికే పోయిందావిడ," అని కసిరింది. "ముందు మీ ఆయన సంగతి చూడు. ముడి బిగించు. ఆమిర్, ఎక్కించు నాయనా."

ప్లేటుని పాత పట్టుచీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, ఆమిర్ పక్కన ఎక్కింది. రెబెకా వెనకాల గుండిగలు పట్టుకుని కూర్చుంది. చల్లపల్లి దాటింది, మోపిదేవి దాటింది. అవనిగడ్డలో స్పీడు బ్రేకరు మీద ఆటో ఎగిరి, ఓ గుండిగ మూత జారి, కాస్త చీకటి రోడ్డు మీద ఒలికింది. చూస్తుండగానే ఓ కుక్క వచ్చి అందులో చుట్టచుట్టుకుని పడుకుంది. ఆండాళ్ దిగి, దాన్ని "పోవే" అని లేపి, కింద ఉన్నదంతా చేటతో ఎత్తి గుండిగలో పోసింది. వెనకనున్న బస్సు డ్రైవరు హారన్ కొట్టకుండా ఆగి, "ఆ టైరు కింద కూడా కాస్తుందండీ" అని చూపించాడు.

రెబెకా ఇల్లు ఒంటిగది, రేకుల కప్పు. గుమ్మంలో నిలబడితే కనుచూపు మేరా చెరువులే, ఏరియేటర్ల నురగే. గాలి నాలిక మీద ఉప్పగా తగులుతోంది. ఆండాళ్ మూలల నుంచి మొదలుపెట్టి పోయించింది. ఆఖరి గుండిగ బోర్లించి తట్టాక, తను లోపలే కూర్చుండిపోయింది. మాటలు లేకపోతే పలచబడే చీకటి అది. ఏం చెప్పాలో తోచక, ప్లేటు ఒళ్లో పెట్టుకుని, చెప్పాల్సిన మనిషికే చెప్పుకుంది. ఆలస్యం చేశానే అమ్మా అంది. భయమేసిందే అంది. ఇల్లంతా ఖాళీగా ఉంటుందే, పొద్దు పోదే అంది. రేకుల మీద గాలి కొడుతూనే ఉంది. అంచుల దగ్గర రెండుసార్లు విరగబోయి, మళ్లీ కలుసుకుంది. పొద్దు వాలేసరికి చీకటి కదలకుండా నిలిచింది.

కట్టుకట్టిన చేత్తో జీవన్ కుమార్ గుమ్మం ముందు తటపటాయించాడు. ఎర్రటి కళ్లు, వంగిపోయిన నడుం.

"పక్కవాటుగా దూరు నాయనా," అంది ఆండాళ్, బయటికొస్తూ. "తలుపు బార్లా తీయకు."

అతను దూరాడు. చాప పరిచిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత గుర్రు వినబడింది. బయట అరుగు మీద రెబెకా రెండు చేతుల్తో నోరు మూసుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. కాసేపటికి ఓనరు ఫోన్ చేశాడు. ఆమె ఫోనుని తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెట్టి మూతేసింది.

ఆమిర్ ఎప్పుడో తిరిగెళ్లిపోయాడు, బస్సు వేళా దాటిపోయిందని ఆ రాత్రి ఆండాళ్ అరుగు మీదే, రెబెకా పక్కన పడుకుంది. తెల్లారి కళ్లు తెరిచేసరికి ఎండ గుమ్మం మీద పడుతోంది. లోపల గుర్రు ఇంకా సాగుతూనే ఉంది. ఆవిడ పట్టుచీర మడతలు విప్పి, ప్లేటు తీసి, తలుపు ఓరగా తెరిచి, ఆ సందులో చీకటికి ఎదురుగా నిలబెట్టింది.

ఈసారి అమ్మ నిండుగా వచ్చింది. నుదురు, కళ్లు, ముక్కు. నోరు మాత్రం చెదిరి ఉంది. కదలొద్దని అన్నిసార్లు చెప్పినా, ఏదో మాట్లాడింది మహాతల్లి. ఆ రోజు లెన్సు మూత తీసి, ఆండాళ్ చేతి గడియారం మీదే చూపు నిలిపి సెకన్లు లెక్కపెట్టుకుంది. తల్లి వైపు చూడనే లేదు. బల్ల మధ్యలో కూర్చోబెట్టిన మనిషి, ప్లేటులో ఓ పక్కకి జరిగిపోయి ఉంది. బల్ల సగం ఖాళీ. ఆ ఖాళీ చోట, తెల్లగా, నాలుగైదు చేతులు ఒకదాని మీదొకటి పడ్డట్టు, చెదిరిన చెయ్యి.

భుజం మీదుగా రెబెకా తొంగి చూసింది.

"ఎవరినో పక్కన కూర్చోమంటున్నారండి అమ్మగారు. బల్ల తడతా పిలుస్తున్నారు."

"నన్నే," అంది ఆండాళ్. "నన్నే పిలిచింది. నేను గడియారం చూస్తున్నా."

గడప మీద కూలబడిపోయింది. ప్లేటు ఎక్కడ జారిపోతుందోనని రెబెకా పట్టుకుంది. ఆండాళ్ కొంగు నోట్లో కుక్కుకుని, లోపల మనిషి పడుకున్నాడని తలుపు వైపు చూస్తూ, ఊపిరి బిగబట్టుకుంది. రెబెకా ఆవిడ పక్కన కూర్చుని, నోట్లోంచి ఆ కొంగు లాగేసింది.

"గట్టిగా ఏడవండి అమ్మగారూ. ఆయన లేవడు."

ఆండాళ్ గట్టిగానే ఏడ్చింది. అవతలి చెరువు గట్టు మీద వల బాగుచేసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తి చూశారు. లోపల జీవన్ కుమార్ అటు ఒత్తిగిల్లి, మళ్లీ గుర్రు పెట్టాడు.